కుక్క మనుష్యుల మందు మ్రింగినప్పుడు చేయవలసిన పనులు

నేడు మందులు లేని గృహము అరుదు. వృద్ధులకు రక్తపుపోటు మాత్రలు, మధుమేహమునకు మాత్రలు, గర్భిణికి ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు, పిల్లలకు జ్వరపు సిరప్, మోకాళ్ళ నొప్పులకు పూతమందు ఇంటింటను కనబడుచుండును. వీనిలో కొన్ని కిటికీ గూటిలో ఉండును. కొన్ని తలగడ క్రింద, కొన్ని చేతిసంచిలో, కొన్ని భోజనపు బల్లమీద ఉండును. ఆ ఇంటనే పెంపుడు కుక్కయు తిరుగుచుండును.

కుక్కకు దృష్టి కంటె వాసన ప్రధానము. తీపిపూత పూసిన మాత్ర దానికి మిఠాయి వలె తోచును. మాత్రల పట్టీని నమలునప్పుడు వచ్చు చప్పుడు దానికి ఆటవస్తువు నిచ్చు వినోదమే నిచ్చును. క్రింద జారిపడిన మాత్రను మనిషి వంగి తీయులోపుననే కుక్క దానిని నమలకుండ మ్రింగివేయగలదు. పండ్లు మొలచుచున్న కుక్కపిల్లలు కనబడిన ప్రతి వస్తువును కొఱుకును గనుక వానికి ఈ ప్రమాదము మఱింత యధికము.

ఇట్టి సంఘటన జరిగినప్పుడు గృహస్థులు సాధారణముగా రెండు పొరపాట్లలో నొకటి చేయుదురు. కొందఱు “కుక్క బాగుగనే యున్నది గదా, చూతము” అని వేచియుందురు. మఱికొందఱు కంగారుపడి ఉప్పునీరో చింతపండు రసమో గొంతులో పోయుదురు. మొదటిది చికిత్సకు అనుకూలమైన కాలమును వృథా చేయును. రెండవది ఒక విషమునకు మఱియొక విషమును జోడించును. ఈ రెండింటిని విడిచి, మ్రింగిన మందు యొక్క పేరును పరిమాణమును తెలిసికొని తక్షణమే పశువైద్యుని సంప్రదించుటయే సరియైన మార్గము.

మనుష్యుల మందు కుక్కకు ఏల విషమగును?

ఇందుకు మూడు కారణములు కలవు.

మొదటిది శరీరపు బరువు. మాత్రలోని మోతాదు ఎదిగిన మనుష్యుని ఉద్దేశించి నిర్ణయింపబడినది. అరువది కిలోల మనిషికి తగిన మాత్ర ఆరు కిలోల స్పిట్జ్ కుక్క కడుపులో పడినచో, ఆ మనిషి ఒక్కసారిగా పది మాత్రలు మ్రింగినట్లగును.

రెండవది పరిమాణము. మనిషి ఒక మాత్రతో ఆగును. కుక్క పట్టీ అంతయు, ఒక్కొక్కప్పుడు సీసా అంతయు ఖాళీ చేయును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ప్రతి జాతి జంతువునకు మందును విఱిచి బయటికి పంపు శక్తి ఒకే రీతిగా ఉండదు. మనుష్యుల కాలేయము కొన్ని మందులకు అసిటైల్ అను రసాయనాంశమును చేర్చి వానిని నిర్వీర్యము చేయును. కుక్కకు ఈ శక్తి లేదు. పిల్లికి ఇంకొక విధమైన లోపము కలదు. పారాసిటమాల్‌ను నిర్వీర్యము చేయు ప్రధానమైన మార్గము దాని శరీరమున మిక్కిలి బలహీనము. కావుననే మనుష్యునకు నిరపాయమైన మోతాదు, బరువును బట్టి తగ్గించి యిచ్చినను, మఱియొక ప్రాణికి ప్రాణాంతకము కావచ్చును.

దీనికి మన దేశమున ఒక గొప్ప నిదర్శనము కలదు. డైక్లోఫెనాక్ అను నొప్పిమందు మనుష్యులకును పశువులకును వాడబడుచుండెను. ఆ మందు వాడిన పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులు గుంపులుగా మరణించెను. ఈ కారణము 2004లో శాస్త్రజ్ఞులచే నిరూపింపబడగా, 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందు వాడకమును నిషేధించెను. ఒక ప్రాణికి ఉపశమనమిచ్చునది మఱియొక ప్రాణికి మృత్యువు కాగలదని ఆ యనుభవము దేశమునకు నేర్పినది.

తోడనే చేయవలసిన పనులు

కుక్క మందు మ్రింగినట్లు చూచినను, మ్రింగినదేమో యని అనుమానము కలిగినను, ఈ క్రింది పనులను వరుసగా చేయవలెను. ఇవి అన్నియు పది నిమిషములలో ముగింపదగినవి.

1. మిగిలిన మందును దూరము చేయుట. కుక్కను వేఱొక గదిలోనికి చేర్చి, నేలపై పడిన మాత్రలను, పట్టీ ముక్కలను ఏరివేయవలెను. ఇంటిలోని ఇతర జంతువులను, పసిపిల్లలను ఆ చోటికి రానీయరాదు. నోటిలో ఇంకను మాత్ర కనబడుచుండి, కుక్క నెమ్మదిగా ఉన్నచో దానిని తీయవచ్చును. అది గుఱ్ఱుమనుచున్నను, వణకుచున్నను నోటిలో చేయి పెట్టరాదు. అట్లు చేసి కాటునకు గురియైనచో గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో, పాఱునీటితో కడిగికొని, ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా విషయమై సలహా పొందవలెను.

2. మందును గుర్తించుట. పట్టీని, సీసాను, పెట్టెను, నమలిన ముక్కలను సైతము ఒక సంచిలో పదిలపఱుపవలెను. వ్యాపారనామము కంటె దాని క్రింద చిన్న అక్షరములతో ముద్రింపబడిన మందు పేరును, మిల్లీగ్రాముల సంఖ్యయు ముఖ్యములు. ఒకే వ్యాపారనామముతో వేర్వేఱు బలములు గల మాత్రలుండును. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసియుండుటయు కలదు. కొన్ని మాత్రలు మందును రోజంతయు కొద్దికొద్దిగా విడుదల చేయునట్లు తయారగును. వీని ప్రభావము ఆలస్యముగా మొదలై దీర్ఘకాలముండును. ఆ సంగతి పట్టీపై ముద్రింపబడియున్నచో వైద్యునకు తెలుపవలెను.

3. లెక్కించుట. కొన్న మాత్రలెన్ని, వాడినవెన్ని, మిగిలినవెన్ని అని లెక్కించినచో మ్రింగిన సంఖ్య తేలును. లెక్క సరిగా తెలియనిచో గరిష్ఠసంఖ్యనే గ్రహింపవలెను. ఇంట రెండు కుక్కలున్నచో ప్రతియొకటియు మొత్తము మ్రింగినట్లే భావింపవలెను.

4. కాలమును, బరువును గుర్తించుట. మ్రింగిన గంటను కాగితముపై వ్రాయవలెను. చూడనిచో, మందు చివరిసారి సురక్షితముగా కనబడిన గంటను వ్రాయవలెను. చిన్న కుక్కను ఎత్తికొని బరువు తూచు యంత్రముపై నిలిచి, తరువాత ఒంటరిగా నిలిచి, ఆ రెండింటి భేదమును కనుగొన్నచో కుక్క బరువు తెలియును. పెద్ద కుక్కయైనచో పశువైద్యశాలలో లోగడ వ్రాసిన చీటీని చూడవచ్చును.

5. పశువైద్యునకు ఫోను చేయుట. లక్షణములు కనబడువఱకు ఆగరాదు. ఫోనులో చెప్పవలసిన సంగతులు ఈ విధముగా ఉండవలెను: “మగ కుక్క, వయస్సు మూడేండ్లు, బరువు 12 కిలోలు. 400 మిల్లీగ్రాముల ఐబూప్రోఫెన్ మాత్రలు నాలుగు మ్రింగినది. ఉదయము 8 గంటలకు జరిగినది. ఇప్పుడు 8 గంటల 20 నిమిషములు. ఒకసారి వాంతి చేసికొన్నది. వేఱే జబ్బులు లేవు.” ఇట్టి వాక్యములు విన్న వైద్యుడు అపాయమును వెంటనే అంచనా వేయగలడు. “ఏదో తెల్లమాత్ర తిన్నది” అని చెప్పినచో ఎంతటి నిపుణుడును నిర్ణయింపజాలడు.

ఇంత త్వర ఏల యనగా, మ్రింగిన మందు కొంతకాలము జీర్ణాశయముననే ఉండును. సుమారు రెండు గంటల లోపల కుక్కను పశువైద్యుని చెంతకు చేర్చినచో, తగిన సూదిమందుతో సురక్షితముగా వాంతి చేయించి చాలవఱకు మందును బయటికి రప్పింపవచ్చును. అటుపిమ్మట మిగిలినదానిని పట్టుకొనుటకు వైద్యులు శుద్ధిచేసిన ప్రత్యేకమైన బొగ్గుపొడిని త్రాగింతురు. మందు రక్తమున కలిసిన పిమ్మట ఈ మార్గములు మూసికొనిపోవును. అప్పుడు విరుగుడుకొఱకును, రోజుల తరబడి చికిత్సకొఱకును శ్రమింపవలసివచ్చును.

చేయరాని పనులు

ఉప్పునీరు త్రాగింపరాదు. వాంతి కాకపోయినచో ఆ ఉప్పు రక్తమున చేరి మెదడునకు హానిని, మూర్ఛను కలిగించును. మాత్ర వలన చావని కుక్క ఉప్పు వలన చావవచ్చును.

చింతపండు రసము పోయరాదు. విషము తిన్నవారికి చింతపండు రసము పట్టుట పల్లెలలో వాడుక. కాని కుక్కకు చింతపండు స్వయముగా హానికరము. దానిలోని టార్టారిక్ ఆమ్లము కుక్క మూత్రపిండములను చెఱచునని భావించుటకు ఆధారములు దొరకినవి. చింతపండు తినుట వలన మూత్రపిండములు దెబ్బతిన్న కుక్కల వృత్తాంతములను పశువైద్యులు 2022లో ప్రకటించిరి.

గొంతులో వ్రేలు పెట్టుట, సబ్బునీరు, ఆవపిండి, నూనె పోయుట కూడదు. మగతగా ఉన్న కుక్క, మూర్ఛలోనున్న కుక్క, ఊపిరి ఆడని కుక్క వాంతి చేసికొన్నచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. గాయములు శుభ్రపఱచు హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రవమును కూడ వైద్యుని సలహా లేక పోయరాదు. అది కడుపు లోపలిపొరను పుండుచేయగలదు.

పాలు, మజ్జిగ, నెయ్యి, గ్రుడ్డు విరుగుడులు కావు. ఇవి మందును హరింపజాలవు. పొయ్యిలోని బొగ్గు వైద్యులు వాడు బొగ్గుపొడి కాదు; దానిని నూఱి పోయుట నిష్ప్రయోజనము. వాంతి కట్టుటకనియు, వణకు తగ్గుటకనియు ఇంటిలోని మఱియొక మాత్రను ఇచ్చుట ఎంతమాత్రమును తగదు.

ఏ మందు ఏమి చేయును?

మందులన్నియు సమానముగా ప్రమాదకరములు కావు. మన గృహములలో తఱచుగా కనబడువానిని గూర్చి తెలిసికొనుట అవసరము.

పారాసిటమాల్. జ్వరమునకు, ఒళ్ళునొప్పులకు ఇంటింట నుండు మందు ఇది. కుక్కలో కిలో బరువునకు 100 మిల్లీగ్రాముల ప్రాంతము చేరినచో కాలేయము దెబ్బతినును. పది కిలోల కుక్క 650 మిల్లీగ్రాముల మాత్రలు రెండు మ్రింగినచో ఈ హద్దు దాటినట్లే. అంతకు మించినచో రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును. చిగుళ్ళు ఎఱ్ఱదనమును వీడి మట్టిరంగునకు తిరుగును; ముఖము, పాదములు వాచును. తరువాత పచ్చకామెర్లు కనబడవచ్చును. పిల్లికైతే ఒక్క మాత్రయే ప్రాణము తీయగలదు. దీనికి అసిటైల్‌సిస్టీన్ అను విరుగుడు కలదు. ఆలస్యమైనకొలది దాని ప్రయోజనము తగ్గును.

ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు నొప్పిమందులు. ఇవి కుక్క కడుపులో పుండ్లు కలిగించును. మోతాదు పెరిగినచో మూత్రపిండములను చెఱచును. పది కిలోల కుక్క 400 మిల్లీగ్రాముల ఐబూప్రోఫెన్ మాత్ర ఒక్కటి మ్రింగినను వాంతులు, కడుపునొప్పి మొదలుకావచ్చును. వాంతిలో రక్తము, తారువంటి నల్లని విరేచనము పుండునకు గుర్తులు. మోకాళ్ళకు రాచుకొను డైక్లోఫెనాక్ పూతమందును కుక్క నాలుకతో నాకివేయుట కద్దు. కావున పూసికొన్నచోట గుడ్డ కప్పుకొని, చేతులు కడిగికొనిన పిమ్మటనే కుక్కను తాకవలెను.

క్షయ మందులు. మన దేశమున ఈ విషయము విశేషముగా గమనింపదగినది. క్షయ చికిత్సలోని ఐసోనియాజిడ్ అను మందును నిర్వీర్యము చేయవలసిన శక్తియే కుక్కకు లేదని పైన చెప్పబడినది. అందువలన ఈ మందు కుక్కలకు మిక్కిలి క్రూరమైనది. కిలో బరువునకు 50 మిల్లీగ్రాముల ప్రాంతము చేరినచో ప్రాణాపాయము. క్షయరోగి ఇంటివారికి నివారణకై ఇచ్చు 300 మిల్లీగ్రాముల మాత్రలు రెండు మ్రింగినచో పది కిలోల కుక్క ఆ హద్దు దాటును. నాలుగు మందులు కలిసిన మాత్రలో ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములుండును. అట్టివి ఏడు మ్రింగినను అదే ఫలితము. మ్రింగిన అరగంట మొదలు రెండు గంటల లోపున వణకు, తూలు, ఆగని మూర్ఛలు రావచ్చును. దీనికి పిరిడాక్సిన్, అనగా బి-6 విటమిన్, సూదిరూపమున తగిన మోతాదులో ఇచ్చినచో అద్భుతముగా పనిచేయును. కాని వైద్యునకు “ఇంట క్షయ మందులున్నవి” అని చెప్పినగాని ఆ విరుగుడు స్ఫురింపకపోవచ్చును. రోగము సంగతి చెప్పుటకు సంకోచించి ఈ మాటను దాచుట కుక్క ప్రాణమునకు ముప్పు. క్షయ సిగ్గుపడవలసిన రోగము కాదు.

కుక్క తినివేసిన మాత్రల వలన రోగి మోతాదు తప్పరాదు. ఆ సంగతిని ఆరోగ్యకార్యకర్తకు తెలిపి, బదులు మాత్రలు పొందవలెను.

ఐరన్ మాత్రలు. గర్భిణులకు 180 దినములపాటు ఇచ్చు ఎఱ్ఱమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉండును. ఒకటి రెండు మ్రింగినచో పెద్ద కుక్కకు సాధారణముగా భయము లేదు. కాని కిలో బరువునకు 60 మిల్లీగ్రాములు దాటినచో, అనగా పది కిలోల కుక్క పది మాత్రలకు మించి మ్రింగినచో, అపాయము తీవ్రమగును. ఇక్కడ ఒక మోసము కలదు. మొదటి ఆరు గంటలలో వాంతులు, రక్తవిరేచనములు కలిగి, పిమ్మట కుక్క కోలుకొన్నట్లు కనబడును. మఱునాటికి హఠాత్తుగా కుప్పకూలవచ్చును. నడుమ కనబడు నెమ్మదిని చూచి చికిత్స మానుకొనరాదు. ఈ విషమును బొగ్గుపొడి పట్టుకొనజాలదు. ఇనుమును లాగివేయు వేఱొక విరుగుడు అవసరము.

డి విటమిన్ గుళికలు. వారమునకొకటి చొప్పున వాడు ఈ గుళికలో 60,000 యూనిట్లుండును. విటమిన్ అను పేరు విని ప్రజలు దీనిని బలవర్ధకమని తేలికగా తీసికొందురు. పది కిలోల కుక్క నాలుగు గుళికలు మ్రింగినచో రక్తమున కాల్షియము అమితముగా పెరిగి మూత్రపిండములు చెడవచ్చును. మొదటిదినమున కుక్క హుషారుగనే ఉండును. రెండు మూడు దినములకు దాహము, అతిమూత్రము, అన్నహితవు లేకుండుట, వాంతులు కనబడును. అప్పటికి హాని చాలవఱకు జరిగియుండును. లక్షణములు లేవని నిశ్చింతగా ఉండరాదను సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

రక్తపుపోటు, గుండెజబ్బు, మధుమేహముల మందులు. ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్ వంటివి కుక్క రక్తపుపోటును ప్రమాదకరముగా తగ్గించును. నీరసము, తూలు, సొమ్మసిల్లుట కలుగును. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మధుమేహపు మాత్రలు రక్తములోని చక్కెరను తగ్గించి వణకు, మూర్ఛ కలిగించును. ఆ ప్రభావము దినమంతయు ఉండవచ్చును. కుక్క తెలివితో ఉండి, పశువైద్యుడు ఫోనులో ఆదేశించినచో, దారిలో చక్కెరనీటినో తేనెనో చిగుళ్ళకు పూయవచ్చును. ఇది వైద్యమునకు బదులు కాదు. వైద్యశాల చేరువఱకు ఊత మాత్రమే.

ఇతరములు. ఉబ్బసపు రోగులు పీల్చు సాల్బ్యుటమాల్ డబ్బాను కుక్క కొఱికినచో అందలి మందంతయు ఒక్కసారిగా నోటిలో చిమ్మి గుండె దడదడ కొట్టుకొనును. నిద్రమాత్రలు కొన్ని కుక్కలకు మత్తునకు బదులు ఉద్రేకము కలిగించును. చక్కెర లేని సిరపులలోను, నమలు మాత్రలలోను తీపికై వాడు జైలిటాల్ అను పదార్థము కుక్క రక్తములోని చక్కెరను వేగముగా తగ్గించును. మోతాదు హెచ్చినచో కాలేయమును చెఱచును. ఇందుకు భిన్నముగా, థైరాయిడ్ మాత్రలను కుక్క శరీరము త్వరగా బయటికి పంపును గనుక ఒకటి రెండు మాత్రల వలన సాధారణముగా పెద్ద హాని ఉండదు. అయినను అట్టి నిర్ణయము వైద్యునిది, గృహస్థునిది కాదు.

వైద్యశాలకు చేర్చునప్పుడు

కుక్కను గుడ్డలో చుట్టి, తల కదలకుండ ప్రక్కకు పరుండబెట్టి తీసికొనిపోవలెను. వాంతి చేసికొనుచున్నప్పుడు నోటికి చిక్కము వేయరాదు. స్పృహ తప్పినచో నీరుగాని ఆహారముగాని నోట పోయరాదు. మూర్ఛ వచ్చినచో చుట్టునున్న వస్తువులను తొలగించి, వెలుతురును చప్పుడును తగ్గించి, మూర్ఛ ఎంతసేపు ఉన్నదో గమనింపవలెను. నాలుక పట్టుకొనుటకు ప్రయత్నింపరాదు. వాంతిలో పడిన మాత్రల ముక్కలను కూడ సంచిలో వేసి తీసికొనిపోవలెను. మందుల పట్టీని మఱువరాదు.

పగటివేళ సమీపమున నున్న ప్రభుత్వ పశువైద్యశాలకు గాని, పెంపుడు జంతువుల వైద్యునికడకు గాని పోవచ్చును. పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో నిపుణులును పరీక్షా సాధనములును ఉండును. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోను, తిరుపతిలోను, గన్నవరములోను, తెలుగువారు పెక్కుమంది నివసించు చెన్నై నగరమున వేపేరిలోను ఇట్టి కళాశాలలు కలవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములతో సహా అనేక రాష్ట్రములలో సంచార పశువైద్య సేవకై 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. రాత్రివేళ ఏ వైద్యుడు అందుబాటులో ఉండునో ముందుగనే కనుగొని, ఆ సంఖ్యను గోడపై వ్రాసియుంచుట వివేకము. అపాయము కలిగిన పిమ్మట వెదకుటకు వ్యవధి ఉండదు.

కుక్కతోపాటు పసిపిల్లవాడును మాత్రలు నోట వేసికొన్నాడేమో యని తప్పక విచారింపవలెను. అనుమానమున్నచో ముందు పిల్లవానిని ఆసుపత్రికి చేర్చవలెను. అందుకు 108 వాహనమును పిలువవచ్చును.

తెలిసి ఇచ్చు మందు

ప్రమాదవశమున మ్రింగిన మందును గూర్చియే ఇంతవఱకు చెప్పబడినది. కాని ప్రేమతో ఇచ్చిన మందు వలనను కుక్కలు చనిపోవుచున్నవి. కుక్క కుంటుచున్నదని నొప్పిమాత్ర సగము విఱిచి అన్నములో కలిపి పెట్టుట, ఒళ్ళు వెచ్చగా ఉన్నదని జ్వరపుమాత్ర ఇచ్చుట అనేక గృహములలో జరుగుచున్నది. కుక్క శరీరపు సహజమైన వేడి మనుష్యుని కంటె అధికము. ఆరోగ్యముగా ఉన్న కుక్కకును 38 డిగ్రీల సెంటీగ్రేడునకు పైగా ఉండును. కావున చేతికి వెచ్చగా తగిలినంత మాత్రమున జ్వరమని తలపరాదు. మనుష్యుల మందులలో కొన్నింటిని పశువైద్యులు కుక్కలకు వాడుటయు కలదు. అయినను ఏది, ఎంత, ఎన్నిమార్లు అను నిర్ణయము వారిదే. లోగడ ఒక కుక్కకు వ్రాసిన చీటీని చూచి మఱియొక కుక్కకు ఇచ్చుట కూడ తప్పే.

నివారణ

చికిత్స కంటె నివారణ సులభము, చౌక. మందులను తలుపుగల అలమారలో ఎత్తున ఉంచి మూయవలెను. బల్లమీదను, మంచముప్రక్కను విడువరాదు. ప్లాస్టిక్ సీసా మూత పిల్లలను ఆపగలదు గాని, కుక్క పండ్లను ఆపజాలదు. మాత్రలను పళ్ళెములో పోసికొని గాక, అరచేతిలోనికి నేరుగా తీసికొని వెంటనే మ్రింగవలెను. చేయి వణకు వృద్ధులు మందు వేసికొనునప్పుడు కుక్కను బయట ఉంచి, తరువాత నేలను ఒకసారి పరికింపవలెను. అతిథుల సంచులు, బడిపిల్లల సంచులు నేలపై ఉంచరాదు.

మందుల షాపులో పట్టీని కత్తిరించి నాలుగైదు మాత్రలు మాత్రమే కొనుట వాడుక. అట్టి ముక్కపై మందు పేరుగాని గడువుతేదీగాని మిగులకపోవచ్చును. ఆపద వచ్చినప్పుడు అది ఏ మందో ఎవ్వరును చెప్పజాలరు. కావున పేరున్న భాగమును కోరి తీసికొనవలెను. కానిచో కవరుపై పేరును, బలమును వ్రాయించుకొని అందులోనే ఉంచవలెను. గడువు తీఱిన మాత్రలను వీధి చెత్తకుండిలో విడిగా పాఱవేయరాదు. అవి వీధికుక్కల పాలగును. ఎవ్వరును తినని మట్టిలోనో కాఫీపిప్పిలోనో కలిపి, గట్టిగా మూటగట్టి చెత్తబండికి ఇయ్యవలెను.

1960 నాటి జంతు హింసా నివారణ చట్టము, జంతువును సంరక్షించు ప్రతివాడును దాని క్షేమమునకై తగిన చర్యలన్నియు తీసికొనవలెనని విధించుచున్నది. మందును భద్రముగా ఉంచుట ఆ కర్తవ్యములోని భాగమే.

జ్ఞాపకముంచుకొనవలసిన అంశములు

1. లక్షణములకై వేచియుండరాదు, మొదటి రెండు గంటలు అమూల్యములు.
2. మందు పేరు, బలము, సంఖ్య, మ్రింగిన వేళ, కుక్క బరువు – ఈ అయిదును వైద్యునకు చెప్పవలెను.
3. ఉప్పు, చింతపండు, నూనె, పాలు పోయరాదు. ఇంట వాంతి చేయింపరాదు.
4. పట్టీని, వాంతిలోని ముక్కలను వెంట తీసికొనిపోవలెను.
5. కుక్క కోలుకొన్నట్లు కనబడినను వైద్యుడు చెప్పువఱకు చికిత్స మానరాదు.
6. ఇంట క్షయ మందులున్నచో ఆ సంగతిని దాచరాదు.
7. కుక్కకు అందని యెత్తున మూసి ఉంచిన మందు పిల్లలకును అందదు. ఒక్క అలమార తలుపు వేసినచో ఇంటిలోని నోరులేని ప్రాణికిని, నోరు తిరుగని పసివానికిని ఒకేసారి రక్షణ కలుగును.